‘వాయిదాలు ఆపేయండి, బ్యాంకు సంగతి మేం చూసుకుంటాం’ అంటున్నారు... సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న:

పలాస దగ్గరి ఒక ఊరి నుంచి, పేరు రాయొద్దని కోరుతూ ఒక సోదరి పంపిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాం.

ఆమె కాశీబుగ్గలో ప్రైవేటు స్కూలు టీచరు. జీతం ₹17,000. భర్త జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు, ₹24,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు. మామగారిది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఇంటింటా విన్న కథే. డయాలసిస్ మొదలవకముందు రెండేళ్లు విశాఖ ఆసుపత్రుల చుట్టూ తిరిగారు, అప్పులన్నీ అప్పుడు చేసినవే. ఇప్పుడు ఆయనకు నెలకు ₹10,000 పింఛను వస్తోంది, అది ఆయన మందులకూ రాకపోకలకూ సరిపోతోంది.

అప్పులివి. క్రెడిట్ కార్డు మీద ₹1,46,000. నెలనెలా మినిమం ₹7,300 కడుతున్నారు. ఫైనాన్స్ కంపెనీ నుంచి భర్త తీసుకున్న పర్సనల్ లోన్‌లో ఇంకా ₹2,32,000 ఉంది. వాయిదా ₹9,200, మరో 32 నెలలు కట్టాలి, అందులో ఆమె సంతకం కూడా ఉంది. ఫోన్ యాప్‌లో తీసుకున్న అప్పు ₹28,000, నెలకు ₹3,600 చొప్పున తొమ్మిది నెలలు. కార్డు ఇచ్చిన బ్యాంకులోనే పుట్టింటివాళ్లు పెట్టిన మూడు తులాల బంగారం మీద ₹75,000 ఉంది. 2023లో కుదువ పెట్టినది, 10 శాతం వడ్డీ, ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నారు. ఇవి కాక డ్వాక్రా సంఘంలో నెలకు ₹2,000.

పోయిన నెల పర్సనల్ లోన్ వాయిదా ఒకటి బౌన్సయింది. నాలుగు రోజులకే కట్టేశారు. స్కోరు పడిపోయిందేమోనని భర్త ఏదో యాప్‌లో ఉచితంగా సిబిల్ చూసుకున్నారు. ఆ మర్నాటి నుంచి రోజుకు ఆరేడు ఫోన్లు, ఒక్కోటి ఒక్కో నంబరు నుంచి. ‘‘మాది ఆర్‌బీఐ అప్రూవ్డ్ కంపెనీ, మాకు లాయర్లున్నారు, మీ అప్పు సగానికి సెటిల్ చేస్తాం. ఈ నెల నుంచి వాయిదాలు కట్టకండి, బ్యాంకువాళ్ల ఫోన్లు మేం చూసుకుంటాం’’ అంటున్నారు. మొదట రిజిస్ట్రేషన్ ₹11,800, తర్వాత నెలకు ₹10,000 వాళ్లు చెప్పిన ఖాతాలో వేయాలి, మొత్తం అప్పు మీద 15 శాతం ఫీజు, దానిపై జీఎస్టీ. ఆఫర్ ఈ శనివారం సాయంత్రం వరకేనట. ‘‘ఏటవుతాది, ఒకపాలి చూద్దాం’’ అంటూ భర్త ఆధార్, పాన్ ఫొటోలు వాట్సాప్‌లో పంపారు, ఒక ఓటీపీ కూడా చెప్పారు. డబ్బు ఇంకా కట్టలేదు. ఈ ఫోన్లు ఎలా ఆగుతాయి? వీళ్లను నమ్మొచ్చా? ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అన్నీ తీర్చేయమని ఒకరు, ఐపీ పెట్టేయమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం కింద గీత గీశారు: ‘‘ఇప్పటిదాకా ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదండి.’’ నేనూ అక్కడే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ కంపెనీ పెట్టిన మొదటి షరతు ఆ మాట ఇకమీద నిజం కాకుండా చేయడమే.

వాళ్ల వ్యాపారం ఇలా నడుస్తుంది. సక్రమంగా కట్టేవాడికి ఏ బ్యాంకూ అసలు తగ్గించదు. వరుసగా 90 రోజులు వాయిదా రాకపోతే ఆ ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత ఇంకొన్ని నెలలు గడిస్తే, వచ్చినంత చాలనుకుని ఒకేసారి ఇంత కట్టమని బ్యాంకు తగ్గింపు ఇవ్వొచ్చు. ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు, ఇష్టమైతే ఇస్తుంది. అందుకే ముందు మిమ్మల్ని వాయిదా ఆపమంటారు. బ్యాంకు విసిగేదాకా మీ డబ్బు తమ దగ్గర కూడబెట్టించుకుంటారు. ఆ తర్వాత బ్యాంకుతో బేరం ఆడతారు, లేదా మీ చేతే ఆడిస్తారు. ఆ బేరం అప్పు తీసుకున్న మనిషి నేరుగా ఆడగలిగినదే. మధ్యవాళ్లకు ప్రత్యేకమైన దారి ఏదీ లేదు.

ఇప్పుడు వాళ్లు చెప్పిన అంకెలనే కాగితం మీద పెడదాం. బంగారం, డ్వాక్రా పక్కన పెడితే మీ అప్పు ₹4,06,000. దానిలో 15 శాతం ₹60,900. జీఎస్టీ కలిపితే ₹71,862. మీరు నెలకు పది వేలు వేస్తే, ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ముందు ఫీజే విరగ్గోసుకుంటారు కాబట్టి, మొదటి ఏడు నెలల డబ్బూ వాళ్లకే పోతుంది. ఆ ఏడు నెలలూ మీ అప్పుల్లో ఒక్క రూపాయి తరగదు. ఆ తర్వాత సగం, అంటే ₹2,03,000 పోగవడానికి ఇంకో ఇరవై నెలల పైన. మొత్తం దాదాపు 28 నెలలు. మీ పర్సనల్ లోన్‌లో మిగిలింది 32 నెలలే కదమ్మా! యాప్ అప్పు తొమ్మిది నెలల్లో పోతుంది. వాళ్ల దగ్గర డబ్బు పోగు చేసే కాలంలో మీ అప్పులు మామూలుగా కడుతూనే చాలావరకు తీరిపోతాయి.

ఇంకో మెలిక ఉంది. ‘సగం’ అంటే దేంట్లో సగం? ఈ రోజు బాకీలోనా, రెండేళ్ల తర్వాతి బాకీలోనా? మీరు పంపిన కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. కట్టడం ఆపితే ఆ ఒక్క కార్డు మీదే వడ్డీ, దానిపై జీఎస్టీ కలిసి నెలకు ఆరు వేలు పెరుగుతాయి, ఆలస్య రుసుము వేరు. ఇరవై నెలలకు లక్షా ఇరవై వేలు. పెరిగిన మొత్తంలో సగమంటే ఈనాటి బాకీకి కాస్త తక్కువ. ఈ ప్రశ్న ఒక్కటి అడిగి చూడండి, కాగితం మీద జవాబు రాదు.

వాయిదా ఆపితే ఏమవుతుందో వాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. మీ వాయిదాలు ఖాతా నుంచి వాటంతట అవే పోయేలా ఆదేశం ఇచ్చి ఉంటారు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగొస్తే, చెక్కు బౌన్స్‌కు 138 సెక్షన్ ఉన్నట్టే, దీనికి 2007 నాటి పేమెంట్స్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ ఉంది. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నోటీసు ఇవ్వాలి, కట్టడానికి గడువు ఇవ్వాలి, కేసు వేయాలి. అందరి మీదా వేయరు, నిజమే. కానీ ‘ఏమీ కాదు’ అన్న మాట అబద్ధం. పర్సనల్ లోన్‌లో మీ సంతకం ఉంది కాబట్టి దెబ్బ మీవారి సిబిల్‌తో ఆగదు, మీదీ పోతుంది. అన్నిటికంటే నాకు కంగారు పుట్టించింది, కార్డూ బంగారమూ ఒకే బ్యాంకులో ఉండటం. కార్డు బాకీ మొండికేస్తే, బంగారం లోను కట్టేసినా సరే, నగ ఇవ్వకుండా పట్టి ఉంచే హక్కు తనకుందని బ్యాంకు వాదిస్తుంది. చాలా లోను పత్రాల్లో ఆ షరతు ఉంటుంది. జీతం పడే ఖాతా కూడా అక్కడే ఉంటే అందులోంచి సర్దుబాటు చేసుకోవచ్చు. పుట్టింటి బంగారం ఆ ఫోనుతో ముడిపడి ఉందని మీవారికి తట్టి ఉండదు.

ఇక వాళ్ల గొప్పల సంగతి. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఆర్‌బీఐ అనుమతులు ఇస్తుంది. అప్పు సెటిల్ చేసిపెడతామనే ఇలాంటి కంపెనీలకు ఆర్‌బీఐ లైసెన్సు అనేదే లేదు. చూపించేది మామూలు కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అయి ఉంటుంది. అది కిరాణా కంపెనీకైనా ఇస్తారు. పైగా రుణమాఫీ చేయిస్తామంటూ ప్రచారం చేసి, ఫీజులు గుంజుతున్న వాళ్ల మాట నమ్మొద్దని 2023 డిసెంబరులో ఆర్‌బీఐయే ప్రకటన ఇచ్చింది. ‘మాకు లాయర్లున్నారు’ అన్నదాని మీద ఒక మాట. కేసులు మాకివ్వండని అడ్వకేట్లు ప్రచారం చేసుకోకూడదు, మనుషుల్ని పెట్టి అడిగించుకోకూడదు. బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది అదే. రోజుకు ఆరుసార్లు ఫోన్ చేసి కేసు అడిగే లాయరు ఆ ఫోన్‌తోనే నియమం తప్పినట్టు.

అయితే అన్ని కంపెనీలూ డబ్బు పట్టుకుని పారిపోతాయని నేను అనను. కొందరికి నిజంగానే సెటిల్‌మెంట్ చేయించిన వాళ్లూ ఉండొచ్చు. ఎప్పుడో కట్టడం మానేసి, చేతిలో ఏమీ లేక, బ్యాంకువాళ్లతో మాట్లాడే ధైర్యం కూడా లేని మనిషికి ఆ తోడు పనికొస్తే రావొచ్చు. మీ ఇల్లు ఆ స్థితిలో లేదు. కట్టగలుగుతున్న మనిషిని ఎగవేతదారుగా మార్చడానికి మీ దగ్గరే ₹83,662 తీసుకుంటామంటున్నారు. నా అభ్యంతరమల్లా అది.

ఇంతకీ మీ బాకీ వాళ్లకు రూపాయితో సహా ఎలా తెలిసింది? మీవారు సిబిల్ చూసుకున్న యాప్‌లో టిక్కు పెట్టి ఓటీపీ కొట్టినప్పుడు, తన రిపోర్టు చూడటానికి, ఫోన్ చేయడానికి అనుమతి ఇచ్చినట్టే అయి ఉంటుంది. అలాంటి జాబితాలు చేతులు మారతాయి. స్కోరు చూసుకోవాలంటే ఈ యాప్‌లు అక్కర్లేదు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇచ్చి తీరాలి. వాటి సొంత వెబ్‌సైట్లలో తీసుకోవచ్చు.

కాబట్టి ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. పంపిన ఆధార్, పాన్ ఫొటోలు వెనక్కి రావు, కానీ ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. మీవారి ఫోన్ నుంచే, ఆ వాట్సాప్ నంబరుకు, ఈ-మెయిల్ ఉంటే దానికీ ఇలా పంపించండి: ‘‘నా రుణాల విషయంలో మీకు ఇచ్చిన అన్ని అనుమతులనూ ఈ తేదీతో రద్దు చేస్తున్నాను. నా తరఫున ఏ బ్యాంకుతోనూ, ఫైనాన్స్ కంపెనీతోనూ మాట్లాడే అధికారం మీకు లేదు. నా ఆధార్, పాన్ కాపీలను తొలగించండి. నాకు గానీ నా కుటుంబానికి గానీ ఫోన్ చేయవద్దు.’’ అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయొద్దు, కారణం చెప్పొద్దు. కారణం చెబితే దానికో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

తర్వాత మీవారు ఆ కంపెనీకి చెప్పిన ఓటీపీ దేనికోసం వచ్చిందో మెసేజీ తెరిచి చదవండి. రిపోర్టు చూడటానికైతే జరిగిన నష్టం కొంతే. డిజిటల్ సంతకానికి, లేదా ఆటోపే ఆదేశానికి అయితే బ్యాంకు యాప్‌లోనూ, ఫోన్‌పే, గూగుల్‌పే వంటి వాటిలోనూ ఆటోపే జాబితా చూసి, తెలియనిది ఉంటే రద్దు చేయండి. బ్యాంకులోనూ ఫైనాన్స్ కంపెనీలోనూ మీ ఫోన్ నంబరు, ఈ-మెయిల్ మీవే ఉన్నాయా అని కనుక్కోండి. వాటిని తమవాటితో మార్పించే కంపెనీలున్నాయి. బ్యాంకు నోటీసు వాళ్లకే పోతుంది, మీకు తెలియదు. ఫోన్‌లో *#21# కొడితే కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో తెలుస్తుంది. మళ్లుతుంటే ##002# కొట్టి ఆపేయొచ్చు. ఆధార్ యాప్‌లో వేలిముద్రల్ని లాక్ చేసుకోండి. ఒక నెల ఆగి క్రెడిట్ రిపోర్టు తీసి, ఎవరెవరు విచారణ చేశారో, మీరు తీసుకోని అప్పు ఏదైనా ఉందో చూడండి. డబ్బు పోయిందని తేలితే మాత్రం ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఫోన్లు ఆపే పని కాస్త ఓపికతో చేయాలి. ఇంగ్లిషులో స్టార్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి ఎస్ఎంఎస్ పంపితే ప్రచారపు కాల్స్ అన్నీ ఆపమని నమోదవుతుంది. బ్యాంకు ఓటీపీలూ లావాదేవీ మెసేజీలూ ఆగవు, భయం లేదు. మీ ఇద్దరి ఫోన్ల నుంచీ విడివిడిగా పంపాలి.

దాంతో పూర్తిగా ఆగదు. ఎందుకంటే వీళ్లు మామూలు పది అంకెల సిమ్‌ల నుంచి చేస్తారు. ఒకటి బ్లాక్ చేస్తే ఇంకొకటి. ప్రచారం చేయదలచిన కంపెనీ నమోదు చేయించుకుని 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. పది అంకెల సొంత నంబరు నుంచి చేయడమే తప్పు. అందుకని బ్లాక్ చేసి ఊరుకోకుండా ఫిర్యాదు చేయండి. కాల్ వచ్చిన వారం రోజుల్లోపు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో గానీ, 1909కి గానీ ఆ నంబరు, తేదీ, ఏం చెప్పారో ఒక ముక్క రాసి పంపాలి. ఫిర్యాదులు పేరుకున్న నంబరుకు మొదట అవుట్‌గోయింగ్ ఆగుతుంది, తర్వాత కనెక్షన్ పోతుంది. ఆర్‌బీఐ పేరు చెప్పి, కేసులని బెదిరించి మోసం చేస్తున్నారనిపించే కాల్‌ను టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని చక్షు విభాగంలో పెట్టండి. రోజూ రాత్రి ఐదు నిమిషాలు ఈ పనికి కేటాయించండి. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. రాత్రికి రాత్రే ఆగుతాయని మాత్రం ఆశపడకండి.

ఫోన్ ఎత్తితే వాదన వద్దు. తిట్టడమూ వద్దు. తిట్టించుకునే ఉద్యోగం చేస్తున్న పిల్లలు వాళ్లు, అలవాటైపోయింది. ‘‘కంపెనీ పూర్తి పేరు, ఆఫీసు అడ్రసు, ఫీజు వివరం రాతలో పంపండి. ఫోన్‌లో మాట్లాడను’’ అని పెట్టేయండి. వాదిస్తే ఈ నంబరు పలుకుతోంది అని గుర్తుపెట్టుకుంటారు. ఒక్క జాగ్రత్త ఉంది. ఈ విసుగులో నిజమైన బ్యాంకు కాల్‌ను కొట్టేయకండి. సర్వీసు కాల్స్‌కు బ్యాంకులు వాడాల్సినవి 1600తో మొదలయ్యే నంబర్లు. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి.

ఇప్పుడు అసలు అప్పుల దగ్గరికి వద్దాం. నెలకు మీరు కడుతున్నది: కార్డు 7,300, పర్సనల్ లోన్ 9,200, యాప్ 3,600, డ్వాక్రా 2,000, బంగారం వడ్డీ నెల లెక్కన 625. మొత్తం ₹22,725. ఇద్దరి జీతం ₹41,000. మిగిలే పద్దెనిమిది వేల పైచిలుకుతో ఆరుగురు కాకపోయినా ఐదుగురు తింటున్నారు, పిల్లలు చదువుతున్నారు. ఇరుకే. కానీ నీళ్లు కారుతున్నది అన్ని చోట్లా కాదు, ఒక్క చోటే. కార్డుకు కట్టే 7,300లో వడ్డీ 5,110, దాని మీద జీఎస్టీ 920. అసలుకు చేరేది ₹1,270. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నాలుగు రూపాయల పైన వడ్డీ. ఊళ్లో మూడు రూపాయలంటే ఉలిక్కిపడతాం, కార్డుకు నాలుగు రూపాయలు కడుతూ బ్యాంకు కదా అనుకుంటాం. పైగా పాత బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో కొత్తగా కొన్న ఉప్పు ప్యాకెట్‌కైనా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ముందు ఆ కార్డు వాడకం ఆపండి.

మొదటి దారి బంగారం. 2023 తర్వాత బంగారం ధర బాగా పెరిగింది. అదే మూడు తులాల మీద బ్యాంకు ఇప్పుడు ఎక్కువ ఇస్తుంది. తిరగరాయించేటప్పుడు పాత ₹75,000కే రాయించుకుంటూ వచ్చినట్టున్నారు. గ్రాముకు ఎంత ఇస్తారో మేనేజర్‌ను అడగండి. గ్రాముకు ₹6,000 చొప్పున అనుకున్నా 30 గ్రాములకు ₹1,80,000. పాతది పోను ₹1,05,000 చేతికొస్తుంది. అది మొత్తం అదే రోజు కార్డుకు కట్టేయండి. ఆ లక్షా ఐదు వేలకు కార్డులో నెలకు ₹4,336 పోతోంది, బంగారం మీద ₹875 అవుతుంది. కార్డులో మిగిలిన ₹41,000కు నెలకు ఐదు వేలు కడితే పది, పదకొండు నెలల్లో కార్డు ముగుస్తుంది. యాప్ అప్పు అంతకుముందే పోతుంది. ఏడాది తిరిగేసరికి నెలకు ₹8,600 ఊపిరి ఆడుతుంది.

దీంట్లో ప్రమాదం దాచను. కార్డు బాకీకి పూచీ ఏమీ లేదు. బంగారం లోను కట్టలేకపోతే నోటీసు ఇచ్చి వేలం వేస్తారు. కాబట్టి నెలకు ₹1,500 వడ్డీని అప్పటికప్పుడు ఆ ఖాతాలోనే వేస్తూ పోవాలి. ఏడాది చివర్లో పద్దెనిమిది వేలు ఒక్కసారి కట్టాలంటే మళ్లీ ఎక్కడో చేయి చాచాలి. రెండో ప్రమాదం, ఖాళీ అయిన కార్డును మళ్లీ గీకడం. పరిమితిని ₹20,000కి తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి. అది మీ చేతిలో పని. మీ బంగారం మీరు పెట్టనంటే అది కూడా న్యాయమే, ఎవరూ తప్పుపట్టకూడదు.

అప్పుడు రెండో దారి, కార్డు బాకీ మొత్తాన్ని వాయిదాలుగా మార్చమని అదే బ్యాంకును అడగడం. వడ్డీ సాధారణంగా కార్డు వడ్డీకంటే బాగా తక్కువ ఉంటుంది. మార్పిడి రుసుము, జీఎస్టీ ఎంతో, ముందే తీర్చేస్తే జరిమానా ఎంతో అడిగి రాయించుకోండి. నెల వాయిదా ఇప్పటి మినిమం కంటే తగ్గకపోవచ్చు, కానీ కట్టింది అసలులోకి పోతుంది. ఫైనాన్స్ కంపెనీకి కూడా ఒక ఉత్తరం పెట్టొచ్చు, 32 నెలల్ని 42 నెలలు చేసి వాయిదా తగ్గించమని. వడ్డీ మొత్తం పెరుగుతుంది, నెల గడుస్తుంది. రిపోర్టులో దాన్ని ‘రీస్ట్రక్చర్డ్’ అని రాస్తారా అన్నది ఒప్పుకునే ముందే తేల్చుకోవాలి.

నిజంగానే కట్టలేని రోజు వస్తే, అప్పుడు సెటిల్‌మెంట్. అదీ నేరుగా. శ్రీకాకుళం జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. లోక్ అదాలత్‌లో బ్యాంకు వాళ్లను పిలిచి మాట్లాడిస్తారు. ఫీజు లేదు. అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, అందుకే కట్టగలిగిన అంకెకే ఒప్పుకోవాలి. నేరుగా బ్యాంకుతో కుదిరినా సరే, లోను నంబరు, మొత్తం, గడువు తేదీ, ఇదే తుది చెల్లింపు అన్న మాట లెటర్‌హెడ్ మీద వచ్చాకే డబ్బు కట్టాలి, అదీ లోను ఖాతాకే, ఎవరి ఫోన్ నంబరుకూ కాదు. సెటిల్ అయిన అప్పు రిపోర్టులో ‘సెటిల్డ్’ అని ఏళ్ల తరబడి ఉంటుంది, ‘క్లోజ్డ్’ అని కాదు. రాజీ చేసుకున్న సంస్థ, వ్యవసాయ అప్పులు కానివాటికి, కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని ఆర్‌బీఐ 2023 జూన్‌లో చెప్పింది. పిల్లల చదువు లోను ఎప్పుడు అవసరమవుతుందో లెక్క వేసుకుని అడుగు వేయాలి.

మూడు రూపాయల వడ్డీ కార్డుకంటే తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 9,200 వాయిదా అప్పుది రూపాయిన్నర వడ్డీ. దాన్ని మూడు రూపాయలకు తెచ్చి తీర్చడమంటే చేజేతులా రెట్టింపు చేసుకోవడం. పైగా ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం, రెండు ఖాళీ చెక్కులు అడుగుతారు. మూడేళ్లు కాకముందే నోటు తిరగరాయించి వడ్డీని అసలులో కలుపుతారు. వద్దు. ఐపీ అంటే 1920 నాటి చట్టం కింద దివాలా పిటిషన్. ఇద్దరికీ జీతాలుండగా కోర్టు అడిగే మొదటి ప్రశ్న ఎందుకు కట్టలేరనే. ఏళ్లు పడుతుంది, కుదువలో ఉన్న బంగారాన్ని అది కాపాడదు. మీకు పనికొచ్చేది కాదు.

మామగారి పింఛను ఈ లెక్కల్లో నేను ఎక్కడా కలపలేదు, మీరూ కలపకండి. డ్వాక్రా రెండు వేలు అన్నిటికంటే ముందు కట్టండి, అక్కడ మీతోపాటు ఇంకొందరు ఆడవాళ్ల పేర్లున్నాయి. బ్యాంకు నుంచి ఎవరైనా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేస్తే, స్కూలుకు ఫోన్ చేసి పరువు తీస్తే, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా పెట్టొచ్చు, 14448లో వివరం చెబుతారు.

మీవారి మీద కోపం పెట్టుకోకండి. తండ్రిని బతికించుకోవడానికి చేసిన అప్పు అది. రోజూ ఆరు గొంతులు ‘మేం చూసుకుంటాం’ అంటుంటే అలసిన మనిషికి ఆ మాట ఎంత చల్లగా తగులుతుందో మీకూ తెలుసు. నువ్వు తప్పు చేశావు అనకుండా, శనివారం లోపు ఒక పూట పక్కన కూర్చుని తెల్లకాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో కంపెనీ 28 నెలలు, ఫీజు ₹83,662. రెండో గడిలో కార్డు, బంగారం, యాప్. కూడికలు ఆయన్నే వేయమనండి, ఫ్యాక్టరీలో రోజూ చేసే పనే కదా. సోమవారం బ్యాంకుకు వెళ్లేటప్పుడు బంగారం రసీదు, కార్డు చివరి స్టేట్‌మెంట్, మీ ఇద్దరి ఆధార్ పట్టుకెళ్లండి. బంగారం మీ పేరున ఉంటే మీరే వెళ్లి సంతకం పెట్టాలి, స్కూల్లో ఒక పూట సెలవు చెప్పుకోండి.